చెల్లెలి డాక్టరు చదువుకి రెండు దారులు

సాయంత్రం ఐదూ పదికి అమ్మ వాకిట్లో కుంపటి రాజేసింది. రాయగడ రైల్వే కాలనీలో ఆ వేళకి అన్ని ఇళ్ళ ముందూ కుంపట్లు పొగలు కక్కుతుండేవి. ఇంజన్లు పారబోసిన బూడిదలోంచి ఏరుకొచ్చిన సగం కాలిన బొగ్గు అది. పొగ పూర్తిగా పోయేదాకా లోపలికి తీసుకెళ్ళడానికి వీల్లేదు. అందుకని ఆ అరగంటా ఆడవాళ్ళు బయటే కూర్చునేవారు. డ్యూటీ దిగిన మగవాళ్ళు కూడా కళ్ళు నులుముకుంటూ అక్కడే నిలబడి మాట్లాడేవారు. కాలనీలో పెళ్ళిళ్ళూ, బదిలీలూ, పిల్లల చదువులూ ఆ అరగంటలోనే తేలేవి. పి.యు.సి. పరీక్షలు రాసి వచ్చిన నా చెల్లెలు డాక్టరు చదువుతానని ఆ రోజు అక్కడే చెప్పింది.

అరవైల చివరి సంవత్సరాలవి. నేను అప్పటికే కాలనీ దగ్గరి ప్రైమరీ బడిలో టీచర్ని. నాన్న క్యారేజీ ఫిట్టరు. బండి ఆగగానే చిన్న సుత్తితో ఒక్కో చక్రాన్నీ కొట్టి, చప్పుడు విని, పెట్టెల వెంట నడుచుకుంటూ పోవడం ఆయన పని. శ్రీకాకుళం వైపు నుంచి ఉద్యోగానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మేమిద్దరం ఇక్కడే పుట్టాం. బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు.

డాక్టరు కావడానికి అప్పుడు రెండు దారులుండేవి. పి.యు.సి. కాగానే ఒక ఏడు ప్రీ-మెడికల్ చదివి, దాని వెంటనే ఎం.బి.బి.ఎస్.లోకి వెళ్ళడం ఒకటి. రెండూ కలిపి ఒకే బిగిన సాగే చదువు అది. రెండోది, ముందు మూడేళ్ళు బి.ఎస్సీ. చదివి, ఆ డిగ్రీ చేతిలో పెట్టుకుని మెడికల్ సీటుకి ప్రయత్నించడం. మా కాలనీ వాళ్ళు మొదటిదాన్ని త్రూ బండి అన్నారు, రెండోదాన్ని బండి మారడం అన్నారు. ఆ వేసవి అంతా మా వాకిట్లో ఇదే మాట.

"త్రూ బండి ఎక్కించు బావా," అన్నాడు గార్డు మావయ్య. ఆయన పక్క క్వార్టరులో ఉండేవాడు. చుట్టం కాడు గాని అమ్మని అక్క వరసన అప్పా అని పిలిచేవాడు. "మద్దిలో దిగడం ఏటి, ఎక్కడం ఏటి. గుంట అలిసిపోద్ది."

అమ్మ విసనకర్ర ఆపలేదు. "త్రూ బండి మద్దిలో ఆగిపోతే ఏటి సేస్తాది? అడివిలో దిగాల. బండి మారితే స్టేషన్లో కూకుంటాది. ఇడ్లీ అయినా దొరుకుద్ది."

"నీకు సదువంటే ఇడ్లీయేనేటప్పా?"

"కూడెట్టని సదువు దేనికి? మీ అన్న కొడుకు సంగతి సెప్పు మరి. ఇంటాను."

గార్డు మావయ్య బీడీ పారేసి నేల వైపు చూశాడు. ఆయన అన్న కొడుకు ఒకే బిగిన సాగే చదువులో చేరి, అనాటమీ దగ్గర పదే పదే తప్పి, ఆఖరికి పార్వతీపురం తిరిగొచ్చేశాడు. చేతిలో బి.ఎస్సీ. లేదు, ఎం.బి.బి.ఎస్. లేదు.

"ఏల్లకేల్లు సదివి పి.యు.సి. పాసు," అన్నాడు ఆయనే. "పెళ్ళి సూపుల్లో అదే సెప్పుకోవాల. నిజమేలే అప్పా."

"అదే నానంట."

నాన్న ఆలోచన వేరు. ఆయన చదువు ఎంత పొడుగన్నది చూడలేదు, తన సర్వీసు ఎంత మిగిలిందన్నది చూశాడు. ఒకే బిగిన చదివితే ఆయన రిటైరయ్యేలోగా చెల్లెలు డాక్టరై బయటికి వస్తుంది. బి.ఎస్సీ. ముందు చదివితే సగంలో ఆయన ఉద్యోగం అయిపోతుంది. రైల్వేలో ఉద్యోగం అయిపోవడమంటే జీతం ఒక్కటే కాదు. ఉన్న ఇల్లు ఖాళీ చెయ్యాలి.

"నా సర్వీసులో అయిపోవాల," అనేవాడు. "తర్వాత ఈ గుమ్మం కూడా మనది కాదు."

ఒక ఆదివారం నాన్న కాలేజీలో బోటనీ చెప్పే లెక్చరర్ని టీకి పిలిచాడు. ఆయన కటక్ వైపు మనిషి, నెమ్మదిగా ఒడియాలో మాట్లాడేవాడు. రెండు దారుల్లోనూ మంచీ చెడ్డా ఉందన్నాడు. బి.ఎస్సీ. చదివి వెళ్ళినవాళ్ళకి కెమిస్ట్రీ, జువాలజీ గట్టిగా వచ్చి ఉంటాయి, హాస్టల్లో బెంగపెట్టుకోరు, శవాన్ని కోయమన్నప్పుడు చేతులు వణకవు అన్నాడు. నేరుగా వెళ్ళినవాళ్ళు చిన్నవాళ్ళు, మొదటి ఏడు చాలా కష్టపడతారు, కాని నిలబడితే ముందుగా గట్టెక్కుతారు అన్నాడు. టీ తాగాక ఇంకో మాట కూడా అన్నాడు. తన దగ్గర డాక్టరు కావాలనుకుని బి.ఎస్సీ.లో చేరిన ఆడపిల్లల్లో ఎక్కువమంది బి.ఎస్సీ.తోనే ఆగిపోయారట. ఎందుకని నాన్న అడిగాడు. ఆయన కప్పు కింద పెట్టి లేచాడు.

చెల్లెలు తలుపు దగ్గర నిలబడి అదంతా విన్నది. ఆ సాయంత్రం కుంపటి దగ్గర మళ్ళీ మాట మొదలయ్యేసరికి తనే అంది.

"నన్ను బి.ఎస్సీ.లో ఎయ్యకండి. ఏస్తే అక్కడే ఆపేస్తారు."

"ఆపం అమ్మీ," అన్నాడు నాన్న.

"ఇప్పుడు ఆపరు. అప్పుడు ఆపేస్తారు. అప్పని సూడండి."

అప్ప అంటే నేను. నా గురించి అలా అన్నందుకు నాకు కోపం రాలేదు. నేనూ ఇంకా చదువుదామనే అనుకున్నాను. టీచరు ట్రైనింగు దగ్గర ఆగిపోయాను. ఆపమని ఎవరూ అనలేదు. ఉద్యోగం వచ్చింది, అంతే. అందరం సంతోషించాం కూడా.  చెల్లెలికి కావలసింది డాక్టరు చదువు. ఏ దారిలో వెళ్తే మేం మధ్యలో అడ్డం రాలేమో ఆ దారి దానికి కావాలి.

"త్రూ బండే," అన్నాడు నాన్న. అమ్మ విసనకర్ర అరుగు మీద పెట్టి లోపలికి వెళ్ళింది.

ఇక్కడ మా కాలనీలో ఉన్న ఒక అలవాటు గురించి చెప్పాలి. మా పిల్లలందరికీ రెండు వయసులుండేవి, ఇంటి వయసూ బడి వయసూ. బడిలో వేసేటప్పుడు వయసు తగ్గించి రాయించేవారు. ఇందులో దాపరికమేమీ లేదు. "నీకెన్నేళ్ళు?" అని అడిగితే "ఇంటివా, బడివా?" అని పిల్లలే నవ్వేవాళ్ళు. రైల్వేవాళ్ళ దృష్టిలో వయసంటే సర్వీసు. కాగితం మీద వయసు తక్కువుంటే ఉద్యోగం అంత ఎక్కువకాలం ఉంటుంది. నాన్నకి ఇది ఇంకా గట్టిగా పట్టుకుంది. ఆయన్ని ఉద్యోగంలో పెట్టుకున్న రోజున పై అధికారి ఆయన ఒడ్డూ పొడుగూ, మీసమూ చూసి నాలుగేళ్ళు ఎక్కువ రాసేశాడట. అంటే ఉద్యోగం నాలుగేళ్ళు ముందే అయిపోతుంది. ఆ నాలుగేళ్ళ గురించి ఆయన జీవితమంతా బాధపడ్డాడు. తన పిల్లలకి అలా జరగకూడదని మా ఇద్దరికీ రెండేసేళ్ళు తగ్గించి రాయించాడు. నా విషయంలో దానివల్ల మంచీ చెడ్డా ఏమీ జరగలేదు.

ఫలితాలు వచ్చాయి. చెల్లెలికి మంచి మార్కులే వచ్చాయి. ఈ రాష్ట్రంవాళ్ళమేనని సర్టిఫికెట్టు కావలసి నాన్నా, నేనూ, చెల్లెలూ కొరాపుట్ వెళ్ళాం. జిల్లా ఆఫీసులన్నీ అప్పుడు అక్కడే. ఘాటీలో, కొండదారిలో బస్సు తిరిగిన ప్రతి మలుపుకీ చెల్లెలు కిటికీలోంచి తల బయటపెట్టి వాంతి చేసుకుంది. బస్సు దిగి మొహం కడుక్కుని, జడ మళ్ళీ వేసుకుని, ఆఫీసులోకి నాకంటే ముందు నడిచింది.

అక్కడి పెద్ద గుమస్తా నడివయసు ఒడియా ఆయన. మమ్మల్ని కూర్చోమన్నాడు. సర్టిఫికెట్టు ఎందుకని అడిగాడు. నాన్న గర్వంగానే చెప్పాడు. గుమస్తా చెల్లెలి మెట్రిక్ సర్టిఫికెట్టు తీసి పుట్టిన తేదీ చూశాడు, వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకున్నాడు, నాన్న మొహంలోకి చూశాడు. సర్టిఫికెట్టుకి ఇబ్బంది లేదన్నాడు. కాని ఎం.బి.బి.ఎస్.లో చేరేనాటికి పదిహేడేళ్ళు నిండాలి, తన కొడుకు విషయంలో ఈ మధ్యనే తెలుసుకున్నాడట. ఈ పిల్ల ఈ ఏడు ప్రీ-మెడికల్‌లో చేరి పాసైనా, వచ్చే ఏడు ఆ పై క్లాసుకి వయసు చాలదు.

నాన్న నవ్వాడు. అసలు వయసు రెండేళ్ళు ఎక్కువనీ, ఇది బడిలో రాయించిన వయసనీ చెప్పాడు. మా కాలనీలో ఆ మాట ఎవరికి చెప్పినా అర్థమవుతుంది.

గుమస్తాకీ అర్థమైంది. తామూ పిల్లలకి అలాగే రాయించామన్నాడు. కాని మెట్రిక్ సర్టిఫికెట్టులో పడ్డాక ఇక అదే వయసు, మార్చడం తన చేతుల్లో గాని ఇంకెవరి చేతుల్లో గాని లేదన్నాడు. పి.యు.సి. తర్వాత ఒక ఏడు ఊరికే ఉంచి, ఆ తర్వాత చేర్పిస్తే కుదురుతుందా అని నాన్న అడిగాడు. తనకి తెలియదన్నాడు గుమస్తా. తర్వాత మేం అడిగిన వాళ్ళెవరూ కూడా దానికి గట్టిగా జవాబు చెప్పలేదు. ఒక్కరు కుదురుతుందంటే ఇద్దరు కుదరదన్నారు.

బస్టాండులో నాన్న మా ఇద్దరికీ పూరీలు ఇప్పించాడు, తను తినలేదు. ఆయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని బస్సుల వైపు చూస్తూ కూర్చున్నాడు. చెల్లెలు పూరీ తుంచుతూ, "పోనీలే నాన్నా," అంది. "సర్వీసు కలిసొస్తాది గదా."

అది ఎగతాళిగా అందో, ఓదార్పుగా అందో నాకు అప్పుడు తెలియలేదు. నాన్నకీ తెలిసినట్టు లేదు. ఆయన తలూపాడు.

వాకిట్లో కొద్ది రోజులు ఈ మాట నడిచింది. "నీ మీసం సూసి వాడు నాలుగేల్లు ఎక్కువ రాసేడు, నీ కూతురికి నువ్వే రెండేల్లు తక్కువ రాసేవు," అన్నాడు గార్డు మావయ్య. "రైల్వేకీ నీకూ సరిపోయింది బావా." ఇంకెప్పుడైనా అయితే నాన్న ఏదో ఒకటి అంటించేవాడు. ఆ రోజు లేచి లోపలికి వెళ్ళిపోయాడు. గార్డు మావయ్యే తర్వాత లోపలికొచ్చి నాన్న పక్కన చాలాసేపు కూర్చుని వెళ్ళాడు.

చెల్లెలు బి.ఎస్సీ.లో చేరింది, రాయగడలోనే, ఇంట్లో ఉండే.

ఆ మూడేళ్ళ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్నే నేను బడికీ, అది కాలేజీకీ వెళ్ళేవాళ్ళం. సాయంత్రం అది నా తల దువ్వేది, నేను దాని రికార్డుల్లో బొమ్మల కింద పేర్లు రాసి పెట్టేదాన్ని, నా అక్షరం బాగుంటుందని. కప్పల్ని ఇంటికి తెచ్చుకుని పెరట్లో చెక్క మీద పరిచి కోసేది. అమ్మ ఆ చెక్కని కాలితో తన్ని అవతలికి తోసేది. "డాకట్రు అవుతావో, సేపలు కోసుకుంతావో," అనేది. నేను లైబ్రరీ నుంచి తెచ్చిన నవలలు నాకంటే ముందు అదే చదివి, చివర ఏమవుతుందో చెప్పేసేది. వద్దన్నా చెప్పేది. అప్పుడు నాకు చిరాకుగా ఉండేది.

మూడో ఏడు, పరీక్షలకి ఇంకా కొన్ని నెలలుండగా, విజయనగరం నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి రైల్వేలోనే బుకింగ్ క్లర్కు. కట్నం మాటే ఎత్తలేదు, పిల్ల డిగ్రీ అయితే చాలన్నారు. అమ్మకి నచ్చింది. అమ్మ చెడ్డది కాదు. చేతిలో ఉన్నది వదులుకుని లేనిదాని వెనక పడొద్దని అమ్మ బాధ. సాయంత్రం కుంపటి దగ్గర ఆ మాట ఎత్తింది. ఇంటింటా పొగ, దగ్గులు. చెల్లెలు గుమ్మంలోనే ఉంది. నాన్న వైపు చూస్తోంది. నేనూ ఆయన వైపే చూస్తున్నాను. దాని చదువు ఆ సాయంత్రం ఆగిపోయి ఉండేది. అందరికీ అది తెలుసు.

"బండి మారుతాదన్నాం గాని దిగిపోద్దన్లేదు," అన్నాడు నాన్న.

"ఆల్లు మల్లీ వస్తారా?" అంది అమ్మ.

"రారు."

"మరి?"

"రాకపోతే రారు. నాను తప్పు రాయించేను, రెండేల్లు పోయేయి. ఇంక ఇంకొకటి సెయ్యను."

అమ్మ లేచి కుంపటి లోపలికి తీసుకెళ్ళింది. ఆ తప్పు గురించి నాన్న నోరు విప్పింది ఆ ఒక్కసారే.

బి.ఎస్సీ. అయ్యాక దానికి బరంపురం మెడికల్ కాలేజీలో సీటు వచ్చింది. చదువు సగంలో ఉండగా నాన్న రిటైరయ్యాడు. క్వార్టరు ఖాళీ చేసి ఊళ్ళో అద్దెకి దిగాం. అమ్మ కిరసనాయిలు స్టవ్వు మీద వండడం నేర్చుకుంది. నా ఉద్యోగం ఉంది కాబట్టి చదువు ఆగలేదు. ఇది గొప్పగా చెప్పుకోడానికి రాయడం లేదు. నాన్న అంత భయపడినట్టు జరగలేదని రాస్తున్నాను. మనుషులు రిటైరవుతారు, ఇల్లు మారతారు, తింటారు.

చెల్లెలు డాక్టరైంది. మొదట బోరిగుమ్మ దగ్గర పని చేసింది, తర్వాత లమ్తపుట్ వైపు కొండల్లోకి వేశారు. అక్కడి కొండవాళ్ళ మాట దేశియాలో గడగడా మాట్లాడేది. సెలవు దొరికినప్పుడు వచ్చి రెండు రోజులు నిద్రపోయేది. అమ్మ దాని తల దగ్గర కూర్చుని విసురుతుంటే, "అమ్మా, ఆపీ, నాకు సలేస్తంది," అనేది కళ్ళు తెరవకుండా.

దాని పేరు తెలిశాక, పిల్లల్ని డాక్టరు చదివించాలనుకున్న వాళ్ళు నాన్నని వెతుక్కుంటూ రావడం మొదలైంది. రాయగడవాళ్ళు, గుణుపురంవాళ్ళు, అవతల పార్వతీపురంవాళ్ళు కూడా. నేరుగా పంపాలా, డిగ్రీ చదివించి పంపాలా? నాన్న రెండిటి గురించీ చెప్పడానికి ముందు ఒకటే అడిగేవాడు. "బడిలో వయసు ఎంత రాయించేరు?" వాళ్ళు ఆశ్చర్యపోయేవారు. కొందరు పిల్ల వైపు తిరిగి, "ఏదే, నీదేటి?" అని అడిగేవారు. ఆ తర్వాత మార్కులు అడిగేవాడు, ఇంట్లో ఇంకెవరు సంపాదిస్తున్నారో అడిగేవాడు, పిల్లకి బెంగ ఎక్కువా అని అడిగేవాడు. ఎప్పుడూ ఇది చెయ్యండని తేల్చి చెప్పలేదు. వెళ్ళేటప్పుడు మాత్రం, "డిగ్రీలో ఏస్తే మద్దిలో ఆపొద్దు," అనేవాడు.

ఎనభైల మొదట్లో వానాకాలం చెల్లెలికి లమ్తపుట్‌లో జ్వరం వచ్చింది. మెదడుకి ఎక్కిన మలేరియా. చెల్లెలు రోజూ ఊరూరా తిరిగి మందిచ్చిన జబ్బే. జీపులో కొరాపుట్ ఆస్పత్రికి తెచ్చారు. మేం చేరేసరికి మమ్మల్ని గుర్తుపట్టే స్థితిలో లేదు. మర్నాడు మధ్యాహ్నం పోయింది. చూసుకోవలసినవాళ్ళు బాగానే చూశారు. ఎవరినీ అనడానికి లేదు. ఆస్పత్రి వాళ్ళు రాసిచ్చిన కాగితంలో బడి వయసే ఉంది. నాన్న దాన్ని చదివి మడిచి నాకిచ్చాడు.

కర్మలన్నీ అయ్యాక ఒక పొద్దున టీ తాగుతూ నాన్న అన్నాడు. "త్రూ బండిలో ఎల్లుంటే రెండేల్లు ముందే డాకట్రయ్యుండేది. రెండేల్లు ఎక్కువ సేసుండేది."

ఆయన లెక్క సరైనదే.

అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. తల ఎత్తలేదు. "ఆ రెండేల్లూ ఇంట్లో ఉంది," అంది.

నేను బడికి వెళ్ళిపోయాను.

తర్వాత కూడా కొంతకాలం మనుషులు వచ్చారు. సంగతి తెలియనివాళ్ళు. ఒకసారి గుణుపురం నుంచి ఒకాయన కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నాన్న టీ ఇప్పించాడు. వయసు అడగలేదు, మార్కులు అడగలేదు. ఆయన రెండోసారి అడిగితే, "ఆ అమ్మిని అడగండి, ఏది కావాలో," అన్నాడు. ఆ పిల్ల సిగ్గుపడి తండ్రి వెనక్కి జరిగింది. వాళ్ళు వెళ్ళాక నాన్న చాలాసేపు పడుకున్నాడు. ఆ తర్వాత ఎవరైనా వస్తే నేనే వాకిట్లో మాట్లాడి పంపేసేదాన్ని. రెండేళ్ళకి నాన్న పోయాడు.

ఇప్పుడు పన్నెండో తరగతి కాగానే పిల్లలు ప్రవేశ పరీక్ష రాస్తున్నారు. సీటు వస్తే ఆ నెలలోనే పెట్టె సర్దుకుని వెళ్తారు. రాకపోతే ఇంకో ఊళ్ళో ఉండి చదువుకుని మళ్ళీ రాస్తారు. మా బడిలో నా దగ్గర చదివిన పిల్లలు కూడా ఇద్దరు అలాగే వెళ్ళారు, బాగున్నారు. డాక్టరు కావాలన్న పిల్లని ముందు మూడేళ్ళు ఇంట్లో ఉంచుకుని బి.ఎస్సీ. చదివించడం ఇప్పుడు ఎవరూ చెయ్యరు.